ఆ పేరు ఇప్పటికే ఉంది

నూజివీడు,
12-2-1988.

వేణీ,

క్షేమసమాచారాలు ఆఖర్న రాస్తాను, ముందు అసలు సంగతి విను. మా మామిడి రైతుల సొసైటీకి కంప్యూటరు వచ్చిందే! విజయవాడ నుంచి జీపులో, పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. సెక్రటరీ బసవపున్నారావుగారు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు కాస్త మిషను మీద కూడా చల్లబోతుంటే మీ కంపెనీ మనిషి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. అపశకునం అని ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

మీ కంపెనీ ప్రోగ్రామే కొనమని పోరింది నేనే కదా. "మా వేణి రాసిందండీ, ఇద్దరం ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నాం" అని ఆఫీసంతా చెప్పుకున్నాను. అందుకని దాన్ని నడిపే పని నా నెత్తినే పడింది. నిన్నటిదాకా టైపిస్టు ప్రమీలారాణి, ఇవాళ ఆపరేటరు ప్రమీలారాణి. కుర్చీ మాత్రం పాతదే, కాలు ఊగుతూనే ఉంది.

పని ఏంటంటే, మే నెలలో అందరి కాయా ఒక్కసారే కోతకొస్తుంది, లారీలేమో తక్కువ. ఏ రైతుకి ఏ రోజు లారీ అన్నది ఇన్నాళ్ళూ గుమాస్తా చిన్నరాయప్పగారు చేత్తో రాసేవారు. ఆయన రిటైరయ్యారు. ఇకనుంచి రైతు పేరు, ఊరు, కోత తేదీ రాసిన చీటీ నాకిస్తారు, నేను కొడతాను, మిషను వరస తేల్చి అచ్చు వేస్తుంది. దాన్ని గోడకి అంటిస్తాం. కోసిన రసాలు లారీ ఎక్కకుండా ఎండలో ఉంటే ఏమవుతాయో ఈ ఊళ్ళో పుట్టినదానివి, నీకు చెప్పక్కర్లేదు.

సత్యనారాయణమూర్తి మాస్టారు గుర్తొచ్చారు. చేతుల మీద తువ్వాలు కప్పి, "చూపు కాగితం మీద, వేళ్ళు వాటి ఇంట్లో" అనేవారు కదా. తల ఎత్తితే స్కేలు. ఇప్పుడు ఆయన శిష్యురాలిని చూడాలి, చీటీల కట్ట పక్కన పెట్టుకుని టకటకలాడిస్తుంటే జనం కిటికీలోంచి చూస్తున్నారు.

పూత బాగుంది. తేనెమంచు పురుగు పట్టకపోతే పండగే. అమ్మ ఎలా ఉంది?

నీ ప్రమీల


హైదరాబాదు, చిక్కడపల్లి,
21-2-1988.

ఆపరేటరుగారికి,

నీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను, కొబ్బరినీళ్ళ దగ్గర మా రామచంద్రరావు సార్ కూడా నవ్వారు. ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ బాగానే ఉంది, పగలంతా ఒక్కదాన్నీ గదిలో మగ్గుతున్నానని గొడవ.

నీకో రహస్యం చెప్పనా? లెక్కల ప్యాకేజీ బజార్లో దొరికేదే. దానికి మీ సొసైటీ కోసం అతికించిన ముక్క మాత్రం నాది. అందులోనూ నాకు ముద్దొచ్చేది ఒకటుంది. నువ్వు కొట్టిన పేరు అంతకుముందే పడి ఉంటే, తెర మధ్యలో చిన్న బాక్సు తెరుచుకుని అడుగుతుంది: "ఈ పేరు ఇప్పటికే ఉంది. తీసెయ్యాలా?" ఎంటరు కొడితే అవునని అర్థం, రెండోది పోతుంది. దీన్ని మేం డైలాగు బాక్సు అంటాం. నాటకంలో డైలాగులాగే, అది ఒక మాట అంటుంది, నువ్వు ఒక మాట అనాలి. రైతులు తొందరకొద్దీ రెండేసి చీటీలు ఇస్తారని మీ సెక్రటరీగారే చెప్పారట. అది విని నేను రాశాను. సార్ మెచ్చుకున్నారు. ఈ ఏడాది పర్మనెంటు చేస్తామని సూచన కూడా ఇచ్చారు. ఇంతమంది మగవాళ్ళ మధ్య ఒక్క ఆడపిల్లని, ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో నీకు తెలుసు.

మీ సొసైటీలో ఇది బాగా నడిస్తే ఇంకా చాలా ఆఫీసులకి ఇదే ముక్క అమ్ముతారు. నా పరువు నీ వేళ్ళ మీద ఉందమ్మా, జాగ్రత్త.

వేణి


నూజివీడు,
20-3-1988.

వేణీ,

నీ ముద్దుల బాక్సుతో వేగలేకపోతున్నాను. కిందటేడు పేర్లు ఇచ్చి అలవాటు చేసుకోమన్నారు కదా, రోజూ అదే పని. అది తెరుచుకున్నప్పుడల్లా సరిగ్గా నేను కొడుతున్న వరసనే కప్పేస్తుంది. పోయాక దాని అంచు గీత తెర మీద మిగిలిపోతుంది, ముగ్గు తుడిచినా మరక మిగిలినట్టు. మొన్నయితే ఒక బాక్సు ఉండగానే దాని వెనక ఇంకోటి తెరుచుకుంది కాబోలు, మిషను బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. స్విచ్చి తీసి వేశాను. పొద్దుట్నుంచీ కొట్టినదంతా పోయింది. బసవపున్నారావుగారు నా వంక చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. ఒక్కటి మాత్రం భయంగా ఉంది. నేను కొడుతుంటే తెర మీద ఏదో బల్లిలా చటుక్కున వచ్చి పోయిందని పక్క సీటావిడ అంది. తీరా చూసుకుంటే కొన్ని పేర్లు లేవు. చీటీ ఉంది, నేను కొట్టాను, తెరలో లేదు. నేను దేనికీ అవునని చెప్పలేదే! నీ బాక్సు నన్ను అడగకుండానే నా తరఫున జవాబు చెప్పుకుంటోందా?

ఇది అలవాటు కోసం కొట్టిన జాబితా కాబట్టి సరిపోయింది. మేలో ఇలా జరిగితే ఏం చెయ్యను? పిందె బాగా నిలిచింది. చెట్ల కింద నడుస్తుంటే కళ్ళకి పండగగా ఉంది. త్వరగా రాయి.

ప్రమీల


హైదరాబాదు,
29-3-1988.

ప్రమీలా,

గీత మిగలడం, బిగుసుకుపోవడం రెండూ సరిచేసి ఫ్లాపీ పంపిస్తున్నాను. మీవాళ్ళు దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకోకుండా చూడు.

ఇక పేర్లు మాయమవడం అంటావా, తప్పు నీదే తల్లీ. అది టైపు మిషను కాదు, కాగితం చూస్తూ కొట్టుకుంటూ పోవడానికి. అది మధ్యలో నీతో మాట్లాడుతుంది, నువ్వు దాని మొహం చూడాలి. ఒక్కో వరస అయ్యాక ఆగి తల ఎత్తు. మాస్టారు స్కేలు పట్టుకుని వెనకాల లేరుగా! నెమ్మదిగా వెళితే అంతా సర్దుకుంటుంది. ఇంకో మాట. ఇలాంటివి నాకు రాసుకో గానీ సెక్రటరీగారి దగ్గర పెద్దగా అనకు. ఆయన సార్‌కి ఫోను చేస్తే నాకు మాట వస్తుంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఉగాదికి రాలేకపోయాం. ఈసారి రసాలు నా వాటా పంపు.

వేణి


నూజివీడు,
24-4-1988.

వేణీ,

నువ్వు చెప్పినట్టే వరసకొకసారి ఆగి తల ఎత్తి చూస్తున్నాను. స్పీడు సగానికి పడిపోయింది గానీ పేర్లు మాయమవడం లేదు. బాక్సు వచ్చి బుద్ధిగా నిలబడి ఉంటోంది, నేను జవాబు చెప్పాకే పోతోంది. కాబట్టి తప్పు నాదే, ఒప్పుకున్నాను, చాలా?

చీటీలు మొదలయ్యాయి. విస్సన్నపేట, చాట్రాయి, ముసునూరు అన్ని వైపుల నుంచీ జనం. గోడకి అంటించిన కాగితం ముందు తిరణాలగా ఉంది. అచ్చు ఇంగ్లీషులో ఉంటుంది కదా, చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి పెడుతున్నారు. మా మామయ్యగారు హనుమయ్యగారు వచ్చి, కోడలు మిషను ముందు కూర్చోవడం గుమ్మంలోంచి చూసి మీసం దువ్వుకుని వెళ్ళారు.

రసాలు పంపుతాను. తొందరపెట్టకు.

ప్రమీల


నూజివీడు,
16-5-1988.

వేణీ,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఒక ఘోరం జరిగింది.

మా తోట చూసుకునే పెద్దిరాజు నీకు గుర్తున్నాడు కదా. ముసునూరు మనిషి, పామర్తి పెద్దిరాజు. మా తోట కాయకి చీటీ అతని పేరు మీదే ఇస్తాం. అతని పినతండ్రి కొడుకు ఇంకొకతను ఉన్నాడు. మా తోట అవతల గట్టు మీద గుడిసె. ఏటా మా దగ్గర కాయ కోతకి వచ్చేవాళ్ళు, ఆయనా భార్యా. ఈ ఏడు మొదటిసారి ధైర్యం చేసి చాట్రాయి దారిలో ఒక చిన్న తోట కాపు కొనుక్కున్నారు. కూలి చేసిన చేతులతోనే సొంతంగా కాయ కోయించారు. అన్నదమ్ముల పిల్లలు కదా, ఇద్దరికీ తాత పేరే పెట్టారు. ఆయన పేరూ పామర్తి పెద్దిరాజే. ఊరూ ముసునూరే. ఇద్దరూ గురువారానికే చీటీ ఇచ్చారు.

గోడ మీద ఒక్క పెద్దిరాజే పడ్డాడు. గట్టాయన వచ్చి ఎవరితోనో చదివించుకుంటే "నీ పేరు ఉంది, గురువారం లారీ" అన్నారు. సంబరంగా వెళ్ళి కాయంతా కోయించాడు. లారీ డ్రైవరు పెద్దిరాజు తోట ఏదని అడుగుతూ తిన్నగా మా తోటకి వచ్చి మా కాయ ఎక్కించుకుపోయాడు. గట్టాయన పిల్లా పాపతో రోడ్డు పక్కన రాశి దగ్గర కూర్చున్నాడు. శుక్రవారం వస్తుందన్నారు, శనివారం అన్నారు. వరస నిండిపోయింది, ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఎండకి రసాలన్నీ మెత్తబడిపోయాయి. తాండ్ర చేసేవాళ్ళు జాలిపడి పట్టుకుపోయారు.

నిన్న ఆయన భార్య సత్యవతి ఆఫీసుకి వచ్చింది. అరుస్తుందనుకున్నాం. అరవలేదు. గంపలో మెత్తబడ్డ కాయలు తెచ్చి నా బల్ల మీద, మిషను పక్కన పెట్టింది. "మిగిలినయ్యండీ. పిల్లలకి పెట్టుకోండి" అంది. వెళ్ళిపోయింది. గది నిండా ఆ వాసన. ఇవాళ కూడా పోలేదు.

ఊళ్ళో ఏమంటున్నారో ఊహించుకో. హనుమయ్యగారి కోడలు కావాలనే గట్టువాడి పేరు కొట్టేసి తమ తోటకి లారీ తిప్పుకుందని. మా ఆయన నాలుగు రోజులుగా బజారుకి వెళ్ళడం లేదు. నేను నీళ్ళకి పంపు దగ్గరికి వెళితే మాటలు ఆగిపోతున్నాయి.

నేను ఆ బాక్సు చూడనేలేదు వేణీ. నా చూపు కాగితం మీదే ఉంది. మీ కంపెనీ వాళ్ళ సంజాయిషీ అడుగుతూ సెక్రటరీగారు ఉత్తరం రాశారు. నువ్వే ఏదో ఒకటి చెప్పాలి.

ప్రమీల


హైదరాబాదు,
23-5-1988.

ప్రమీలా,

జరిగింది విని చాలా బాధపడ్డాను. మీ సొసైటీ ఉత్తరం ఆఫీసుకి చేరింది. జవాబు కంపెనీ నుంచే వస్తుంది. ఈ విషయం గురించి నేను విడిగా రాయడం బాగుండదు. నువ్వు కూడా ప్రస్తుతానికి ఆఫీసు సంగతులు నాకు రాయకు.

ఆరోగ్యం జాగ్రత్త. రసాలు పంపనక్కర్లేదు.

కృష్ణవేణి


నూజివీడు,
2-6-1988.

కృష్ణవేణికి,

పూర్తి పేరుతో సంతకం పెట్టావు. మన మధ్య అలాంటి సంతకం ఇదే మొదలు.

మీ కంపెనీ ఉత్తరం వచ్చింది. కమిటీ ముందు సెక్రటరీగారు చదివారు. "ఆపరేటరు అవునని చెప్పనిదే మా ప్రోగ్రాం ఏ పేరునూ తొలగించదు." చదివి కళ్ళజోడు తీసి నా వంక చూశారు. కమిటీలో ఒకాయన "అదీ సంగతి" అన్నాడు. మా మామయ్యగారు కుర్చీలో ముందుకి వంగి కూర్చుని చేతికర్ర వంకే చూస్తున్నారు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు. ఈ నెల్లోనే పెద్ద మీటింగు పెట్టి తేలుస్తారట. నా ఉద్యోగం పోతే పోనీ. దొంగ అన్న మాటతో పోతే ఈ ఊళ్ళో నా పిల్లని ఎవరింటికి పంపను?

నిన్నొకటే అడుగుతున్నాను. నా చేతులు నీకు తెలుసు. పక్క పక్క మిషన్ల మీద నేర్చుకున్నాం. చూడకుండా నేను అవునని చెప్పి ఉండడం సాధ్యమేనా? ఉందంటే ఉందని, లేదంటే లేదని రాయి. ఇంకేం వద్దు.

ప్రమీల


హైదరాబాదు,
12-6-1988.

ప్రమీలా,

సాధ్యమే.

ఆ మాట రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు అందరూ భోజనాలకి వెళ్ళాక మిషను ముందు కూర్చున్నాను. పేర్లు రాసిన కాగితం పక్కన పెట్టుకున్నాను. మాస్టారు నేర్పినట్టు, చూపు కాగితం మీద, వేళ్ళు వాటి ఇంట్లో. ఆపకుండా కొట్టుకుంటూ పోయాను. చివర్న చూస్తే పేరు లేదు. బాక్సు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. నేను రాసిన బాక్సు, నాకే కనపడలేదు.

సంగతేంటంటే, మిషను కంటే మన వేళ్ళు ముందు పరుగెడతాయి. నొక్కిన మీటలన్నీ లోపల వరసలో నిలబడి ఉంటాయి. పేరు ముగించి ఒక ఎంటరు, తర్వాతి గడికి వెళ్ళడానికి ఇంకో ఎంటరు. ఆ రెండోది ఇంకా వరసలో ఉండగానే బాక్సు తెరుచుకుంటే, అదే తనకి జవాబనుకుని అవునని తీసుకుంటుంది. తెరిచే ముందు ఆ వరసని ఖాళీ చెయ్యాలి. ఎంటరు కొడితే కాదని అర్థం వచ్చేలా పెట్టాలి. రెండూ చిన్న పనులు. నేను చెయ్యలేదు.

ఇంకా ఉంది. నాకు ఇది మార్చిలోనే తెలుసు. బల్లిలా వచ్చి పోయిందని నువ్వు రాయగానే అర్థమైంది. సార్‌తో చెప్పాను. "సీజను అయ్యాక చూద్దాం, ఇప్పుడు తప్పుందంటే మిగతా ఆఫీసులు వెనక్కి పోతాయి" అన్నారు. సరేనని వచ్చి నీకు తల ఎత్తమని పాఠం చెప్పాను. పర్మనెంటు కాగితం కోసం. మొన్న మీ కమిటీ ముందు చదివిన ఆ వాక్యం కూడా నాదే. సార్ సంతకం, నా మాట. అబద్ధం కాకుండా అబద్ధం చెప్పడం ఎలాగో అంత బాగా కుదిరినందుకు ఆ పూట కాస్త గర్వపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే అద్దంలో మొహం చూసుకోవాలనిపించడం లేదు.

నేనూ తువ్వాలు కింద చేతులు పెట్టి నేర్చుకున్నదాన్నే కదా. ఆ బాక్సు రాసేటప్పుడు ఎదురుగా ఎవరు కూర్చుంటారో ఎలా మర్చిపోయాను?

దీనితో ఇంకో ఉత్తరం పెడుతున్నాను, సొసైటీ పేరున. అంతా రాసి సంతకం చేశాను. మీటింగులో చదివించు. నా సంగతి ఆలోచించకు. నీ మొహం చూసే ధైర్యం లేదు గానీ నీ పేరు మాత్రం నిలబెట్టుకో.

వేణి


నూజివీడు,
21-6-1988.

వేణీ,

మీటింగు అయిపోయింది. నీ ఉత్తరం చదివారు. అందరూ మిషను తప్పేనని ఒప్పుకున్నారు. గట్టాయన కూడా లేచి ఏదో అన్నాడు. నన్ను ఉద్యోగంలో ఉండమన్నారు. మామయ్యగారు ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నారు.

నీ మేలు మర్చిపోను. వానలు మొదలయ్యాయి.

ప్రమీల


హైదరాబాదు,
28-6-1988.

ప్రమీలా,

చాలు, ఆ కబురు చాలు నాకు.

మీ సెక్రటరీగారు నా ఉత్తరం నకలు సార్‌కి పంపారట. ఆయన నన్ను పిలిచి, కోప్పడకుండా, వచ్చే నెలాఖరుకి పని అప్పగించి వెళ్ళమన్నారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు బాధపడకు. నేనే చేసుకున్నది. ఒక్కటే తృప్తి, నా తప్పు నీ నెత్తిన ఉండిపోలేదు.

కానీ నీ ఉత్తరం ఏంటే, టెలిగ్రాములా ఉంది? ఇంకా కోపం పోలేదా?

వేణి


నూజివీడు,
9-7-1988.

వేణీ,

కోపమా? నీ మీద నాకు కోపం ఎక్కడిది? నీ ఉద్యోగం పోయిందని చదివిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఇది రాయకుండా ఉండలేను. రాశాక నువ్వు నాకు ఉత్తరం రాయకపోయినా సరే.

నేను ఆ బాక్సు చూశాను.

ఏప్రిల్లో నీకు రాశాను కదా, వరసకొకసారి ఆగి తల ఎత్తుతున్నానని. ఆ రోజు కూడా ఆగాను, ఎత్తాను. అది బల్లిలా పారిపోలేదు. తెర మధ్యలో నిలబడి ఉంది, నా జవాబు కోసం. చదివాను. పామర్తి పెద్దిరాజు. ఈ పేరు ఇప్పటికే ఉంది. తీసెయ్యాలా? మా పెద్దిరాజుకి చాదస్తం కదా, రెండు చీటీలు ఇచ్చి ఉంటాడని నవ్వుకున్నాను. ఎంటరు కొట్టాను. నా వేలితో, చూస్తూ.

లారీ తిప్పుకోవాలని కాదు, నా బిడ్డ మీద ఒట్టు. ఇంకో పెద్దిరాజు ఉన్నాడని నాకు తెలియదు. అదే చెప్పుకోలేని సంగతి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి వేసవీ ఆయన మా చెట్లెక్కి కాయ కోశాడు. ఆవిడ మా పెరట్లో కూర్చుని గంపలకి గడ్డి పరిచింది, నా పిల్ల ఏడిస్తే చంకనేసుకుని తిప్పింది. నేను వాళ్ళని గట్టోళ్ళనే అన్నాను. "గట్టోళ్ళు వచ్చారా, గట్టోళ్ళకి మజ్జిగ పొయ్యండి." ఆయనకో పేరుంటుందని, అది అడగాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. బాక్సు నన్ను సరిగ్గానే అడిగింది. జవాబు నాకు తెలియదన్న సంగతే నాకు తెలియదు.

గొడవ లేచాక చూడలేదని అన్నాను. మొదట భయంతో అన్నాను. తర్వాత నీకూ అదే రాశాను. నీ జవాబు వచ్చినప్పుడు, దేవుడే దారి చూపించాడనుకున్నాను. మీటింగులో నీ ఉత్తరం చదువుతుంటే తల వంచుకుని కూర్చున్నాను. అందరూ అది నా మంచితనం అనుకున్నారు.

గట్టాయన లేచి ఏదో అన్నాడని రాశాను కదా. ఏమన్నాడో రాయలేకపోయాను. చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మాయిగారిని మేం కూడా అనుమానించామండీ. తప్పయిపోయిందండీ, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. అంతమంది ముందు. కాయ పోగొట్టుకున్నవాడు నాకు క్షమాపణ చెప్పాడు, నేను పుచ్చుకున్నాను.

మొన్న ఆ గట్టు మీదికి వెళ్ళాను. ఆయన నాట్లకి పోయాడు. సత్యవతి గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. "ఇంత బురదలో మీరెందుకొచ్చారండీ, కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదండీ" అంటూ లేచింది. నిలబడే అంతా చెప్పాను. విన్నది. చేట కింద పెట్టలేదు.

"మా ఆయన పేరు మీకు తెలీదని నాకు తెలుసండీ" అంది. "ఎప్పుడన్నా పిలిస్తే కదా తెలవడానికి."

మళ్ళీ తనే అడిగింది. "నా పేరు తెలుసాండీ?"

"సత్యవతి" అన్నాను గబుక్కున, అదేదో గొప్పలాగా.

"అది ఆ రోజు గంప తెచ్చినప్పుడు మీ ప్యూను కేకేస్తే తెలిసిందండీ మీకు" అంది. కోపంగా అనలేదు. మళ్ళీ కూర్చుని చెరుక్కుంది. నేను ఎంతసేపు నిలబడినా ఇక తల ఎత్తలేదు.

సిగ్గుతో చచ్చిపోవడం అంటారు కదా, చావం వేణీ. ఆ బురదలో నడిచి ఇంటికి రావాలి, పొయ్యి వెలిగించాలి, అందరికీ వడ్డించాలి.

జరిగింది జరిగినట్టు సెక్రటరీగారికి రాసిచ్చాను. చదివి, "అయిపోయిందానికి ఇప్పుడెందుకమ్మా, సర్దుకుపోదాం" అని సొరుగులో పెట్టేశారు. అందుకని తెలుగులో చేత్తో ఇంకోటి రాసి, లారీల వరస అంటించే గోడకే అంటించాను. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి పెడుతున్నారు. మామయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. సొసైటీలో ఎన్నాళ్ళుంచుతారో తెలియదు.

సెక్రటరీగారికి ఇచ్చిన దాని కార్బన్ కాపీ ఇందులో పెట్టాను. మీ సార్‌కి చూపించు. తప్పు నాదని తేలితే నిన్ను మళ్ళీ ఉండమంటారు. నేను ఇవ్వగలిగింది అదొక్కటే.

ప్రమీల


హైదరాబాదు,
24-7-1988.

ప్రమీలా,

కోపం వచ్చింది. రాలేదని రాస్తే మళ్ళీ ఆ కంపెనీ ఉత్తరం లాంటిదే రాసినట్టు అవుతుంది. నా ఉద్యోగం పోయేదాకా ఆగి చెప్పావు. రెండు రోజులు నీ ఉత్తరం వంక చూడలేదు. అమ్మ ఏమైందని అడిగితే ఆవిడ మీద విసుక్కున్నాను.

తర్వాత నన్ను నేనే అడిగాను. నువ్వు ముందే నిజం చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని? హమ్మయ్య అనుకునేదాన్ని. నా తప్పు దాచేసుకుని, పర్మనెంటు కాగితం పుచ్చుకుని, నీకు ఓదార్పు ఉత్తరం రాసేదాన్ని. ఇది నాకు బాగా తెలుసు. కాబట్టి నీ మీద పెద్దగా అరిచే హక్కు నాకు లేదు.

నీ కార్బన్ కాపీ సార్‌కి చూపించను. చూపిస్తే ఆయన మొహం వెలిగిపోతుంది. "చూశావా, ఆపరేటరు తప్పే" అంటారు. నన్ను ఉంచుకుంటారేమో కూడా. బాక్సు మాత్రం అలాగే ఉండిపోతుంది. అది ఇప్పటికే ఇంకొన్ని ఆఫీసుల్లో నడుస్తోంది. అక్కడ కూడా మాస్టారి లాంటివాళ్ళ దగ్గర నేర్చుకున్న అమ్మాయిలే కూర్చుని ఉంటారు, చూపు కాగితం మీద పెట్టుకుని. నీ తప్పు నిజమైనంత మాత్రాన నాది అబద్ధం అయిపోదు కదా. నీ కాగితం నా ట్రంకుపెట్టెలోనే ఉంటుంది.

పని అప్పగించమన్నారు కాబట్టి ఈ నెలంతా ఆ ముక్క మీదే కూర్చున్నాను. ఇక తెరుచుకునే ముందు వరసలో ఉన్న మీటలన్నీ పారేస్తుంది. ఎంటరు కొడితే ఏమీ జరగదు. అన్ని ఆఫీసులకీ నిన్ననే పోస్టు చేశాను, సార్ అడిగేలోపే. మీ సొసైటీకి కూడా వస్తుంది. నువ్వు అక్కడ లేకపోతే నీ తర్వాత వచ్చే అమ్మాయికి పనికొస్తుంది.

మాట కూడా మార్చాను. తీసెయ్యాలా అని ఇక అడగదు. ఈ పేరుతో ఇంకో మనిషి ఉన్నారా అని అడుగుతుంది. తెలియకపోతే లేచి వెళ్ళి కనుక్కోవాల్సిందే, అవును కాదు అని మీట నొక్కితే పోదు. ఆ మనిషి ఎవరో, ఎవరి తాలూకో టైపు చేస్తేగానీ మూసుకోదు.

పంపే ముందు ఒకసారి పరీక్ష చేసి చూశాను. పామర్తి పెద్దిరాజు, ముసునూరు అని కొట్టాను. మళ్ళీ అదే కొట్టాను. బాక్సు తెరుచుకుని అడిగింది. సత్యవతి భర్త అని కొట్టాను. మూసుకుంది. రెండు పేర్లూ ఉన్నాయి.

నీ వేణి